ఎలక్ట్రిక్ కారుకి ఆల్ వెదర్ టైర్లు: ముందు బరువు చూడు

చిరంజీవి బుజ్జికి, పెదనాన్న ఆశీస్సులు.

నీ ఎలక్ట్రిక్ కారుకి ఆల్ వెదర్ టైర్లు వేయించాలనుకోవడం మంచి ఆలోచనే. ఎండలకో సెట్టు, మంచుకో సెట్టు మార్చుకునే బాధ తప్పుతుంది. కాకపోతే షాపుకి వెళ్లగానే రేంజ్ (ఒక్క చార్జింగ్‌తో నడిచే దూరం) ఎంత వస్తుందని అడగకు. ముందు బరువు సంగతి తేల్చుకో.

బ్యాటరీ వల్ల మన కార్లు అదే సైజు పెట్రోలు కార్ల కన్నా బాగా బరువు. ఇప్పుడున్న టైరు పక్కన ఏం రాసుందో వంగి చదువు. 235/45ఆర్18 98డబ్ల్యూ అని ఉందనుకో, అందులో 98 లోడ్ ఇండెక్స్. అంటే ఒక్కో టైరు 750 కిలోలు మోస్తుంది. అదే సైజులో 94ది కూడా దొరుకుతుంది, అది మోసేది 670 కిలోలే. చూడ్డానికి రెండూ ఒకటే, రిమ్ముకి రెండూ సరిగ్గా పడతాయి. కానీ నాలుగు టైర్లకి కలిపి 320 కిలోల తేడా! "సైజు అదేగా మేడమ్" అని ఎవరన్నా ఒప్పుకోకు. కారు కంపెనీ చెప్పిన నంబరు కన్నా ఒక్క అంకె కూడా తగ్గకూడదు. పాతదాని మీద ఎక్కువ బరువు మోస్తుందని చెప్పే ఎక్స్‌ఎల్ అనో హెచ్‌ఎల్ అనో ఉంటే కొత్తదాని మీదా ఉండాలి. ఇవి కుదిరితే, "ఈవీ టైరు" అన్న ముద్ర లేకపోయినా ఫరవాలేదు.

తర్వాత చూడాల్సింది మూడు శిఖరాల కొండలో మంచు రేకు ఉన్న గుర్తు. మంచు మీద పరీక్షలో నెగ్గిన టైరుకే అది వేస్తారు. ఎం ప్లస్ ఎస్ అన్న అక్షరాలకి అలాంటి పరీక్ష అక్కర్లేదు, వాటిని చూసి మోసపోకు. గడ్డకట్టిన ఐసు మీద మాత్రం అసలైన వింటర్ టైరుకి ఆల్ వెదర్ టైరు సాటిరాదమ్మా, అలాంటి రోడ్ల మీద రోజూ తిరిగేదానివైతే వింటర్ టైర్లే కొను.

ఇక రేంజ్. కొత్త టైర్లు వేయగానే కాస్త తగ్గుతుంది, టెన్షన్ పడకు. అరిగిన టైరు తేలిగ్గా దొర్లుతుంది, లోతైన ట్రెడ్ ఉన్న కొత్తది అంత తేలిగ్గా దొర్లదు. యూరప్‌లో అమ్మే టైర్ల లేబుల్ మీద దొర్లడానికీ, తడి రోడ్డు మీద పట్టుకీ విడివిడిగా ఏ నుంచి ఈ దాకా గ్రేడులు ఉంటాయి. రెండింట్లో ఒకటి వదులుకోవాల్సి వస్తే తడి పట్టుని వదలకు. రేంజ్ తగ్గితే ఇంకోసారి చార్జింగ్ పెట్టుకుంటావు, అంతే. అంత బరువున్న బండి వానలో ఆగాల్సిన చోట ఆగకపోతే చేయగలిగిందేం లేదు.

లోపల ఫోమ్ ఉన్న టైర్లతో రొద తగ్గుతుంది. అయితే పంక్చర్ వేయాలంటే ఆ చోట ఫోమ్ తీయాలి, అది చేసేవాళ్లు దగ్గర్లో ఉన్నారో లేదో ముందే కనుక్కో.

ఎలక్ట్రిక్ మోటారు తిప్పే చక్రాల టైర్లు తొందరగా అరుగుతాయి. ముందూ వెనకా ఒకే సైజైతే పదివేల కిలోమీటర్ల లోపే ముందువి వెనక్కీ, వెనకవి ముందుకీ మార్పించు. జాకీ పెట్టేటప్పుడు పక్కనే నిలబడు. అడుగంతా బ్యాటరీయే కాబట్టి కంపెనీ చూపించిన చోట్లే పెట్టాలి.

డబ్బు కట్టే ముందు పాత టైరు పక్క రాతలు, డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరు ఫోటో తీసి నాకు పంపు. చూసి చెప్తాను.

నీ పెదనాన్న