సీఎన్‌జీ సెడాన్‌కు రూఫ్ క్యారియర్: బుట్ట కాదు, ముందు దాని కాళ్లు చూడండి

సీఎన్‌జీ డిజైర్ కొన్నాం, డిక్కీ నిండా సిలిండరే, సంక్రాంతికి ఐదుగురం ఊరెళ్లి అట్నుంచి అటే తిరుపతి పోవాలి, పైన క్యారియర్ వేయించొచ్చా, వేయిస్తే ఏది మంచిది అని కదా అడిగారు. మాదీ అదే కారు, అవే తిప్పలు. విజయవాడలో ఉంటాం కాబట్టి ఆటోనగర్ అంతా తిరిగి రకరకాలవి చూసి, చివరికి ఒకటి పెట్టించుకుని వాడుతున్నాం. వేయించొచ్చండి, ఏం పర్లేదు. కాకపోతే షాపుకెళ్తే అందరి చూపూ పైనున్న బుట్ట మీదే ఉంటుంది, ఎంత పెద్దది, ఎన్ని సూట్‌కేసులు పడతాయి అని. అసలు చూడాల్సింది అది కారును ఎక్కడ, దేంతో పట్టుకుంటుందో.

పాత అంబాసిడర్లకీ, పద్మినీలకీ పైకప్పు అంచు వెంట వాన నీళ్లు జారే గాడి ఉండేది. ఏ క్యారియర్ తెచ్చినా దాని కొక్కేన్ని ఆ గాడికి తగిలించి బోల్టు బిగిస్తే సరిపోయేది. ఇప్పటి సెడాన్లకు ఆ గాడి లేదు. కొన్ని ఎస్‌యూవీలకు ఉన్నట్టు బాడీకి బోల్టులతో బిగించిన రెయిల్స్ కూడా ఉండవు. పైన రెండు పక్కలా సన్నగా నల్ల పట్టీ కనిపిస్తుంది చూడండి, అది రేకుల అతుకును కప్పే మోల్డింగ్ మాత్రమే, బరువు మోసేది కాదు.

ఇక్కడే మోసపోయే అవకాశం ఎక్కువ. ఒక షాపులో కుర్రాడు "రూఫ్ రెయిల్స్ వేసేస్తా సార్, దాని మీద క్యారియర్ కట్టేద్దాం" అని, పక్కనున్న కారుకు వేసిన రెయిల్‌ను రెండు చేతులా పట్టుకుని కారును ఊపి మరీ చూపించాడు. దేంతో బిగించావు బాబూ అని అడిగితే, "డబుల్ సైడ్ టేపు సార్, ఒరిజినల్!" అన్నాడు. అందం కోసం అంటించే రెయిల్స్ అవి. వాటికి సామాను కట్టి హైవే ఎక్కితే గాలికి లేచిపోయేది మన సూట్‌కేసు, తగిలేది వెనక బైకు మీద వచ్చేవాడికి. రెయిల్ దేనికి బిగించి ఉందో తెలియకుండా దానికి తాడు కట్టొద్దు. ఇంకో షాపులో పైకప్పుకే రంధ్రాలు వేసి బోల్టులు వేస్తామన్నారు. వాన నీరు కారుతుంది, తుప్పు పడుతుంది, పైగా మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం బండిని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. ఆ మాట ఎత్తితే అక్కణ్ణుంచి వచ్చేయండి.

మనకు పనికొచ్చేది తలుపు సందులో పట్టుకునే రకం. నాలుగు కాళ్లు, రెండు అడ్డ బార్లు, నాలుగు క్లిప్పులు. తలుపు తెరిస్తే పైన బాడీ అంచు, దాని కింద రబ్బరు బీడింగ్ కనిపిస్తాయి. క్లిప్పు ఆ అంచు కిందికి దూరి పట్టుకుంటుంది, కాలు పైనుంచి రబ్బరు ప్యాడ్ మీద ఆనుతుంది, బోల్టు బిగించే కొద్దీ రెండూ కలిసి అంచును నొక్కి పడతాయి. థూలే, యకీమా లాంటి కంపెనీల వాటిలో బార్లు వేరే, మీ కారు మోడల్‌కూ సంవత్సరానికీ సరిపోయే క్లిప్పుల సెట్ వేరే. రేపు కారు మారినా క్లిప్పులూ ప్యాడ్లూ మార్చుకుంటే చాలు. ధర వింటే గుండె గుభేలుమంటుంది, అది నిజమే. లోకల్‌ది తీసుకుంటే క్లిప్పు వంపు మీ కారు అంచుకు అచ్చంగా కూర్చుంటోందా, దాని మీద రబ్బరు పూత ఉందా, ప్యాడ్ మొత్తం రేకుకు ఆనుతోందా లేక ఒక మూలే ఆనుతోందా, ఈ మూడూ చేత్తో తడిమి చూడండి. "అన్ని కార్లకూ సరిపోతుంది సార్" అన్నదాన్ని నేనైతే నమ్మను. ఐఎస్ఓ 11154 అని ముద్ర ఉంటే మంచిది, రూఫ్ క్యారియర్ల ప్రమాణం అదే.

బరువు సంగతి. పైకప్పు ఎంత మోయగలదో కారు మాన్యువల్‌లో చూడండి, మామూలుగా సెడాన్లకు 50 నుంచి 75 కిలోలు ఉంటుంది. అందులో క్యారియర్ బరువు కూడా కలిపే లెక్క. అల్యూమినియం బార్ల సెట్ ఐదారు కిలోలతో పోతుంది, ఇనుప పైపులతో వెల్డింగ్ చేయించిన బుట్టయితే అదే సగం కోటా తినేస్తుంది. సిలిండర్ వల్ల సీఎన్‌జీ కారు ముందే బరువు, పైగా ఐదుగురు మనుషులు, కాబట్టి టైర్లలో గాలి ఫుల్ లోడ్‌కు రాసిన లెక్క ప్రకారం పెట్టించండి.

బిగించడం ఇంట్లోనే చేసుకోవచ్చు, ఇద్దరుంటే అరగంట పని. ముందు పైకప్పు కడిగి పొడిగా తుడవాలి. ప్యాడ్ కింద ఇసుక రేణువు ఉన్నా ప్రతి కుదుపుకీ పెయింటును గీకుతుంది. కాళ్లు ఆనే చోట పారదర్శక పీపీఎఫ్ (పెయింటును కాపాడే ఫిల్మ్) ముక్క అంటిస్తే ఇంకా మంచిది. ముందు అద్దం పై అంచు నుంచి టేపుతో కొలిచి, రెండు పక్కలా ఒకే దూరంలో మాస్కింగ్ టేపుతో గుర్తు పెట్టుకోండి. సెడాన్ పైకప్పు పొట్టిది, పైగా వెనక్కి వాలుతూ సన్నబడుతుంది, అందుకని బార్ల మధ్య 60–70 సెంటీమీటర్లు దొరికితే చాలు, వెనక బారు కాళ్లు కొంచెం లోపలికి జరుగుతాయి. ఒక పక్క పూర్తిగా బిగించేసి రెండో పక్కకు వెళ్లకండి, బారు అటే జరిగిపోతుంది. ఇటు రెండు చుట్లు, అటు రెండు చుట్లు అలా మార్చి మార్చి బిగించాలి. మంచి సెట్లతో వచ్చే పానా చాలినంత బిగియగానే టిక్‌మంటుంది, అక్కడితో ఆపేయాలి. బలం చూపిస్తే అంచు రేకు వంగుతుంది. తర్వాత తలుపు వేసి చూడండి, ఎప్పటి చప్పుడే రావాలి. గట్టిగా వేయాల్సి వస్తోందంటే క్లిప్పు సరిగ్గా కూర్చోలేదు. పైపు పెట్టి నీళ్లు కొట్టి, లోపల సీలింగ్ గుడ్డను చేత్తో తడిమి చూడండి. ప్రయాణం మొదలయ్యాక 40–50 కిలోమీటర్లకు ఆగి బోల్టులు మళ్లీ ఒకసారి చూస్తే టెన్షన్ ఉండదు.

పైన పెట్టేవి బట్టల బ్యాగులు, దుప్పట్లు లాంటి తేలికవే. ఊరి నుంచి వచ్చేటప్పుడు బియ్యం బస్తా పైకెక్కించమని మామయ్యగారు ఎంత చెప్పినా వినకండి, అది డిక్కీలో మిగిలిన చోటులోనే ఉండాలి. కట్టడానికి హుక్కుల రబ్బరు తాళ్లు వద్దు, సాగుతాయి. రాట్చెట్ బెల్టులు, అంటే పిడి ఆడించి బిగించే పట్టీలు, తెచ్చుకోండి. బెల్టుకు ఒక మెలిక వేసి కడితే గాలికి బుయ్యిమని మోగదు, కొసలు కూడా వదిలేయకుండా ముడేయాలి. టార్పాలిన్ కప్పితే ఎంత కట్టినా ఎక్కడో ఒక మూల లేచి టపటపా కొట్టుకుంటుంది, దానికన్నా వాటర్‌ప్రూఫ్ బ్యాగులే నయం.

మైలేజీ పడిపోతుంది, అది ముందే అనుకోండి. అమెరికా ప్రభుత్వ లెక్కల్లో పెద్ద మొద్దు పెట్టె పైన ఉంటే సిటీలో 2–8 శాతం, హైవే మీద 6–17 శాతం, గంటకు 105–120 కిలోమీటర్ల వేగంలో 10–25 శాతం దాకా మైలేజీ తగ్గుతుందని ఉంది. సీఎన్‌జీ కొన్నదే ఖర్చు తగ్గుతుందని కదా, అందుకే పండగ అవగానే బార్లు తీసి అటక మీద పెట్టేయాలి. ఒంగోలు, నెల్లూరు వైపు ఎన్‌హెచ్ 16 మీద పక్కగాలి కొడుతుంది, లారీని దాటేటప్పుడు కారు ఊగినట్టు తెలుస్తుంది. 80 దాటకుండా పోతే హాయిగా ఉంటుంది. సామాను పక్కలకు గానీ వెనక్కి గానీ పొడుచుకు రాకూడదు. అలా వస్తే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 194(1ఎ) కింద 20,000 రూపాయల జరిమానా ఉంది.

తిరుపతి అన్నారు కాబట్టి ఇంకో మాట. అలిపిరి చెక్‌పోస్టు దగ్గర సామానంతా దింపి స్కానింగ్‌కు పెట్టాలి. మనం అంత శ్రద్ధగా కట్టిన బెల్టులన్నీ అక్కడ విప్పి, వెనక కార్ల వాళ్లు హారన్ కొడుతుంటే మళ్లీ కట్టాలి. దానికన్నా కింద తిరుపతిలో రూము తీసుకుని పెద్ద బ్యాగులు అక్కడే వదిలేసి, చేతి సంచులతో కొండెక్కడం మేలు. ఘాట్ మలుపుల్లో పైన బరువు లేకుండా ఉంటుంది కూడా. హోటల్ సెల్లార్లోకి దిగేముందు ఎత్తు బోర్డు చూసుకోండి. బార్లూ బ్యాగులూ కలిపితే కారు ఎత్తు రెండు మీటర్లకు చేరుతుంది.

ఇదంతా చదివి, ఏడాదికి ఒకసారి ఊరెళ్లడానికి ఇంత తతంగమా అనిపిస్తే, పెద్ద బ్యాగులు రెండు రోజుల ముందే ఆర్టీసీ కార్గోలో ఊరికి వేసేయండి. నెలకోసారి ప్రయాణాలు చేసేవాళ్లకైతే బార్ల మీద పెట్టిన డబ్బు దండగ కాదు.