ఇంగ్లిష్‌లో ‘స్ట్రాంగ్ టీ’ అంటారు, ‘పవర్‌ఫుల్ టీ’ అని ఎందుకు అనరు?

గ్రామర్ ప్రకారం ‘పవర్‌ఫుల్ టీ’లో తప్పేమీ లేదు. కానీ ఇంగ్లిష్ వాళ్లు అలా అనరు, అంతే. కొన్ని మాటలు వాడుకలో జంటలుగా స్థిరపడిపోతాయి. దీన్నే కొలొకేషన్ అంటారు. భాషాశాస్త్రంలో ఈ మాటకు 1950లలో ప్రచారం తెచ్చింది బ్రిటిష్ భాషావేత్త జె.ఆర్. ఫర్త్.

ఇది మనకు కొత్తేం కాదు. బట్టలు ఉతుకుతాం, గిన్నెలు తోముతాం, కాళ్లు కడుక్కుంటాం. ‘కాళ్లు ఉతుక్కుని వస్తా’ అని చూడండి, ఇంట్లో అందరూ నవ్వుతారు. ఇంగ్లిష్‌లో ఈ మూడింటికీ ‘వాష్’ ఒక్కటే చాలు. వాన దగ్గరికొస్తే మాత్రం ‘హెవీ రెయిన్’, గాలికైతే ‘స్ట్రాంగ్ విండ్’.

మనం ఎక్కువగా తడబడేది క్రియల దగ్గరే. ‘తప్పు చేశాను’ అనుకుని ‘డిడ్ ఎ మిస్టేక్’ అనేస్తాం. అక్కడ ‘మేడ్’ రావాలి. హోంవర్క్‌కేమో ‘డూ’నే వాడాలి. తెలుగులో రెండూ ‘చేయడమే’ కదా, చిక్కంతా అక్కడే. ఇక పరీక్ష రాయడాన్ని మనం ‘రైట్ ఎగ్జామ్’ అంటాం, బ్రిటన్‌లో ‘టేక్’ లేదా ‘సిట్’ అంటారు. అలాగని మనది తప్పని నేననను, కెనడాలోనూ ‘రైట్’ వినిపిస్తుంది.

నేనైతే కొత్త మాటను ఒంటరిగా రాసుకోను. ‘డెసిషన్’ అని కాదు, ‘మేక్ ఎ డెసిషన్’ అని జంటగానే నోట్‌బుక్‌లో ఎక్కిస్తాను.