సందేహాలు – సమాధానాలు: ‘సుస్థిర ప్రజా సేకరణ’ అనవచ్చా?

సందేహం: నల్గొండ జిల్లా నుంచి ఒక ప్రభుత్వోద్యోగి ఇలా రాశారు. “మా కార్యాలయానికి వచ్చిన శిక్షణ పత్రంలో ‘రాష్ట్ర ప్రభుత్వాల సుస్థిర ప్రజా సేకరణ విధానం’ అని శీర్షిక పెట్టారు. పర్యావరణానికి హాని చేయనివి, స్థానికులకు పని కల్పించేవి, ఎక్కువకాలం పనికొచ్చేవి చూసి ప్రభుత్వం వస్తువులు, సేవలు కొనాలని లోపల వివరణ ఉంది. అలాంటప్పుడు దీన్ని సేకరణ అనాలా, కొనుగోలు అనాలా? ‘సుస్థిర’ అనే మాట ఇక్కడ అతుకుతుందా? కొనుగోళ్లు, కొనుగోళ్ళు – వీటిలో ఏది సరైనది?”

సమాధానం: ఈ శీర్షిక ‘సస్టెయినబుల్ పబ్లిక్ ప్రొక్యూర్‌మెంట్’ అనే ఇంగ్లీషు మాటకు అనువాదం. ముందు ‘ప్రజా’ అనే నడిమి మాట సంగతి చూద్దాం. సంతకాల సేకరణ అంటే సంతకాలను సేకరించడం. చందాల సేకరణ అంటే చందాలను సేకరించడం. ఆ లెక్కన ప్రజా సేకరణ అంటే ప్రజలను సేకరించడమే అవుతుంది, తెలుగువాడికి ఇంకో అర్థం తోచదు. ప్రజారోగ్యంలో ‘ప్రజా’ కుదిరింది, ఎందుకంటే ఆ ఆరోగ్యం ప్రజలది. ఇక్కడ కొంటున్నది ప్రభుత్వం. పబ్లిక్ అని కనబడినచోటల్లా ప్రజా అని వేసేయడం, ఇంగ్లీషు సమాసాన్ని ముక్కలు చేసి ఒక్కో ముక్కకు నిఘంటువులోంచి ఒక్కో మాట తెచ్చి అతికించడం మన కార్యాలయాల్లో అలవాటైపోయింది. రాసినవారు ఒక్కసారి పైకి చదివి చూసుకున్నా ఇలాంటివి సగం తగ్గుతాయి.

ఇక సేకరణ. తమిళంలో సేకరి, మలయాళంలో శేఖరిక్కుక, కన్నడంలో శేఖరణె ఉన్నాయి. అన్నిటా ఒకటే భావం: చెదిరి ఉన్నవాటిని ఒకచోటికి చేర్చడం. అందుకే ధాన్యం సేకరణ అనడం చక్కగా ఉంటుంది. వడ్లు లక్షలాది కళ్లాల్లో ఉంటాయి, ప్రభుత్వం వాటిని ఒక్కచోటికి చేరుస్తుంది. అయినా ఊళ్లో రైతు దాన్ని ‘కొనుగోలు కేంద్రం’ అనే అంటాడు, కేంద్రం ముందు కట్టే బ్యానరు మీదా అదే ఉంటుంది. తనకు డబ్బు రావాలి కాబట్టి ఆ మాటే అతనికి ముఖ్యం. ఒకే కంపెనీ నుంచి వెయ్యి కంప్యూటర్లు తెప్పించుకోవడాన్ని మాత్రం సేకరణ అనలేం. పైగా ‘భూసేకరణ’ వాడుకలోకి వచ్చాక ఈ మాటకు బలవంతపు ఛాయ పట్టింది. అమరావతిలో భూమి తీసుకున్నప్పుడు ‘సమీకరణ’ అని వేరే మాట ఎంచుకోవలసి రావడానికి అదీ ఒక కారణం కావచ్చు.

మీ ప్రశ్నలో నన్ను ఎక్కువగా పట్టుకున్నది కొనుగోలు. ఈ మాటను మనం చాలా ఇరుకు చేసుకున్నాం. కొను అంటే ఇప్పుడు డబ్బిచ్చి తీసుకోవడమే. ఆ ధాతువు మొదటి అర్థం ఉట్టి తీసుకోవడం, చేపట్టడం, తనదిగా చేసుకోవడం. తమిళంలో కొళ్, కన్నడంలో కొళ్ళు దీని తోబుట్టువులు. తోడ్కొని పోవడంలో, చేకొనడంలో, కైకొనడంలో, కనుగొనడంలో పైసా ప్రసక్తి లేదు. ఆకొన్నవాడు అంటే ఆకలి పట్టినవాడు. తెచ్చుకో, రాసుకో, చదువుకో అన్నప్పుడు చివర వినబడే ‘కో’ కూడా ఇదే. చేసిన పని ఫలం చేసినవాడికే చెందుతుందని చెప్పడానికి తెలుగు ఈ ధాతువును చాలా క్రియలకు తగిలించగలదు.

దాని నామరూపం కోలు. వీడుకోలు, వేడుకోలు, ఒప్పుకోలు అన్నీ ఆ కోవలోవే. తీసుకున్నది చేజారితే కోలుపోవడం, అదే నేటి కోల్పోవడం. తిరిగి చేజిక్కితే కోలుకోవడం. కొనుగోలులో ఆ ధాతువు రెండుసార్లు ఉంది, కొను ఒకటి, కోలు ఒకటి. తీసుకోవడాన్ని రెట్టించి చెప్పే మాట అన్నమాట. తమిళనాడు ప్రభుత్వం నేటికీ వడ్ల కొనుగోలును ‘నెల్ కొళ్‌ముదల్’ అంటుంది, ఈ కొళ్‌తోనే కట్టిన మాట. మలయాళంలో సంభరణం అంటారు. కన్నడిగులు ఖరీది అంటారు. ఆ పారసీ మాట మనదగ్గర ఖరీదుగా మారి ధర అనే అర్థానికి జరిగింది. తెలంగాణ మార్కెట్ యార్డుల్లో ‘ఖరీదుదారు’ అన్నప్పుడు మాత్రం పాత అర్థం అలాగే ఉంది.

‘కొను’ పాత అర్థానికి సాక్ష్యం కావాలంటే నాకు ముందు గుర్తొచ్చేది అన్నమయ్య. “కొనరో కొనరో మీరు కూరిమి మందు, ఉనికి మనికికెల్ల నొక్కటే మందు” అన్నాడు. వినడానికి అంగడిలో కేకలాగే ఉంటుంది, ఆ లయ కోసమే ఆయన అలా కట్టాడనుకుంటాను. అమ్మేవాడు వీధిలో నిలబడి పిలుస్తున్నాడు, కానీ వెల చెప్పడు. తర్వాతి చరణంలో ఈ మందు ధ్రువుడు కొన్నది, ప్రహ్లాదుడు చవిగొన్నది అంటాడు. ధ్రువుడు డబ్బు పెట్టి కొన్నాడా? లేదు, తీసుకున్నాడు, సేవించాడు. కొను అన్న ఒక్క మాటలో కొనుగోలునూ స్వీకారాన్నీ కలిపి నిలబెట్టి, వినేవాడు మొదటి అర్థంతో దగ్గరికొచ్చి రెండో అర్థంతో వెళ్లేలా చేశాడు. అంగడి భాషతో భక్తి చెప్పడం ఆయనకు వచ్చినంత బాగా మరొకరికి రాలేదని నా నమ్మకం.

ఇప్పటి వ్యవహారాన్ని ఆ వెడల్పైన అర్థంతో చూడండి. 2022లో కేంద్ర ప్రభుత్వ సంస్థ సీఈఎస్ఎల్ అయిదు నగరాల కోసం 5,450 ఎలక్ట్రిక్ బస్సులకు ఒకే టెండరు పిలిచింది. బెంగళూరు, ఢిల్లీ, సూరత్, కోల్‌కతాలతో పాటు హైదరాబాద్ కూడా అందులో ఉంది. ఆ పద్ధతిలో రవాణా సంస్థ బస్సు కొనదు. బస్సు ఆపరేటరుదే, డ్రైవరూ ఆపరేటరు మనిషే. నడిచిన ప్రతి కిలోమీటరుకు ఇంత అని రవాణా సంస్థ చెల్లిస్తుంది. విశాఖలో 2014 హుద్‌హుద్ తుపాను తర్వాత ఎల్ఈడీ వీధి దీపాలు పెట్టించినప్పుడు కూడా, ఆదా అయిన కరెంటు ఖర్చులోంచి దీపాల సొమ్ము తీర్చే పద్ధతిని కరెంటు పొదుపు పనులు చూసే కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థ ఈఈఎస్ఎల్ పాటించింది. ఇవి నేటి అర్థంలో కొనుగోళ్లు కావు. పాత అర్థంలో నిస్సందేహంగా కొనుగోళ్లే. ఆ పాత అర్థం పాఠకుడికి స్ఫురించదనిపిస్తే ‘సమకూర్చుకోవడం’ అనండి. వస్తువు, సేవ, అద్దె అన్నీ అందులో ఇముడుతాయి, వినగానే అర్థమవుతుంది కూడా.

సుస్థిర మాటకొస్తే, ఇది మన ఒక్కరిదే కాదు. కన్నడంలో సుస్థిర అభివృద్ధి, మలయాళంలో సుస్థిర వికసనం ఉన్నాయి. హిందీవారు మాత్రం సతత వికాస్ అన్నారు. 2015లో ఐక్యరాజ్య సమితి ప్రకటించిన 17 లక్ష్యాలకు తెలుగులో సుస్థిరాభివృద్ధి లక్ష్యాలనే పేరు స్థిరపడింది. వాటిలో పన్నెండో లక్ష్యం కింద ఏడో అంశం మీ శిక్షణ పత్రం చెబుతున్న ఈ ప్రభుత్వ కొనుగోళ్ల గురించే. మాట వేళ్లూనుకుంది కాబట్టి ఇప్పుడు పీకమని నేను చెప్పను. కానీ ఇబ్బంది ఉంది. స్థిరం అంటే కదలనిది. పత్రికల్లో సుస్థిర ప్రభుత్వం అంటే పడిపోనిది. ఆ అలవాటుతో ‘సుస్థిర కొనుగోలు’ చదివినవాడు ప్రతి ఏడూ ఆగకుండా, ఒకే తీరుగా సాగే కొనుగోలు అనుకుంటాడు. చెప్పదలచిన భావం అది కాదు. కొన్న వస్తువు నిలవాలి, దాన్ని తయారుచేసినవాడు బతకాలి, దానికి ముడిసరుకిచ్చిన నేల, నీరు రేపటికీ మిగలాలి.

ఈ మూడింటినీ చెప్పగల ధాతువు మనకు ఉంది: మను. అన్నమయ్య పల్లవిలోని మనికి దాని బిడ్డే. ఉనికి అంటే ఉండటం, మనికి అంటే బతికి కొనసాగడం. జీవనాధారం అనే అర్థం కూడా మనికికి ఉంది. తమిళంలో మన్ను అంటే చిరకాలం నిలవడం. మనకూ చీర మన్నింది, చెప్పులు మన్నలేదు అని ఇంట్లో రోజూ అనుకునే మాటలో ఆ అర్థమే పలుకుతోంది. దాన్నుంచే మన్నిక, మనుగడ వచ్చాయి. ప్రేరణార్థకం మనుచు, అంటే బతికించు, పోషించు. సస్టెయిన్ అనే ఇంగ్లీషు క్రియకు ఇంతకంటే దగ్గరి తెలుగు క్రియ నాకు తెలియదు. పాత కావ్యాలతోనే దాని వాడుక ఆగిపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ఇది మాటల ముచ్చట మాత్రమే కాదు. టెండరు తెరిచినప్పుడు కార్యాలయంలో మొదట వినబడే మాట ‘ఎల్ వన్ ఎవరు?’ అంటే అందరికంటే తక్కువ ధర వేసింది ఎవరని. బట్టల కొట్లో ఇల్లాలు ధర అడిగిన వెంటనే “ఎన్నాళ్లు మన్నుతుంది?” అని అడుగుతుంది. ఆ రెండో ప్రశ్న మన టెండరు పత్రాల్లోకి చాలా ఆలస్యంగా, చాలా జంకుతూ వచ్చింది. టెండర్లలో పారదర్శకత కోసం తమిళనాడు 1998లో, కర్ణాటక 1999లో చట్టాలు చేశాయి. అవినీతిని అరికట్టాలంటే అవి కావలసినవే. అయితే నాణ్యతకూ ధరకూ కలిపి మార్కులు వేసే పద్ధతిని కన్సల్టెన్సీలకే పరిమితం చేయకుండా కొన్ని పనులకూ వాడుకోవచ్చని కేంద్ర ఆర్థిక శాఖ చెప్పింది మాత్రం 2021 అక్టోబరులోనే.

ధర ఒక్కటే చూడని రాష్ట్రాల కొనుగోళ్లు లేకపోలేదు. తెలంగాణలో 2017లో మొదలై కొన్నేళ్లు నడిచిన బతుకమ్మ చీరల ఆర్డరును చెప్పుకోవాలి. సిరిసిల్ల సాంచాలకు, అంటే మరమగ్గాలకు, పని కల్పించడం దాని ఉద్దేశాల్లో ఒకటి. చీరల నాణ్యత మీద వాదాలు ఎన్ని నడిచినా, నేతకార్మికుడి మనికి అనే ఆలోచన ఆ ఆర్డరులో ఉంది. ఒడిశాలో 2017లో మొదలైన చిరుధాన్యాల మిషన్ ఇంకా దగ్గరగా వస్తుంది. వాళ్లు మండియా అనే రాగుల్ని గిరిజన రైతుల దగ్గర మద్దతు ధరకు కొని, రేషన్‌లో ఇచ్చారు, కొన్ని జిల్లాల్లో అంగన్‌వాడీ పిల్లలకు లడ్డూలు చేసి పెట్టారు. తక్కువ నీటితో పండే పంట మెట్ట పొలంలో నిలబడింది, రైతుకు కొనేవాడు దొరికాడు, పిల్లలకు తిండి దొరికింది. సరిహద్దుకు ఇవతల మన ఉత్తరాంధ్రలో వాటినే చోళ్లు అంటారు. రెండువైపులా పంట ఒకటే, కొండలూ అవే. దీన్నంతటినీ సుస్థిర ప్రజా సేకరణ అని రాస్తే ఆ రైతుకు అది తన గురించేనని తెలియదు.

నా మాట ఇది. శీర్షికలో ‘ప్రజా సేకరణ’ తీసేయండి, అది తప్పు. ‘ప్రభుత్వ కొనుగోళ్లు’ అనండి. ధాన్యం, పాలు, అటవీ ఉత్పత్తుల వంటివి చాలామంది దగ్గర నుంచి పోగుచేసే చోట సేకరణ ఉండనివ్వండి. అద్దె, సేవ కలిసిన చోట ‘సమకూర్చుకోవడం’ మెరుగు. సుస్థిరను ప్రస్తుతానికి తప్పనను, కానీ మొదటిసారి వాడినప్పుడు పక్కనే ఒక వాక్యంలో వివరించాలి. ‘మన్నికైన కొనుగోళ్లు’ అంటే వస్తువు గట్టిదనం ఒక్కటే అందుతుంది, రైతూ నేలా జారిపోతాయి. ‘మనుగడకు తోడ్పడే కొనుగోళ్లు’ నాకు ఇష్టం. పొడవైందని మీ అధికారులు ఒప్పుకోకపోవచ్చు. ఇంతకంటే పొట్టిగా, ఇంతే అర్థంతో ఎవరికైనా తోస్తే రాయండి, సంతోషంగా స్వీకరిస్తాను.

చివరిది: కొనుగోలుకు బహువచనం కొనుగోళ్లు. ళ్ళు అని రాసే అలవాటు కూడా చాలాకాలంగా ఉంది, దాన్ని తప్పుపట్టను. పత్రికలు ఎక్కువగా ళ్లు వాడుతున్నాయి, నేనూ అదే రాస్తాను. ‘కొనుగోలులు’ మాత్రం వద్దు.