ఆరేళ్ల పిల్లాడు, పద్నాలుగేళ్ల అమ్మాయి ఒకే గదిలో: ఇంటి చదువుల బృందాన్ని నడిపేదెలా?

ప్రశ్న: మాది హన్మకొండ. నాలుగు కుటుంబాల వాళ్లం పిల్లలను బడికి పంపకుండా ఇంట్లోనే చదివిస్తున్నాం. మొత్తం తొమ్మిది మంది. చిన్నవాడికి ఆరేళ్లు, మా పెద్దమ్మాయికి పద్నాలుగు. వారానికి రెండు రోజులు అందరికీ కలిపి చెప్పాలనుకుంటున్నాం. ఇంత వయసు తేడాతో కుదురుతుందా? మా అమ్మాయిని పదో తరగతి ఎలా రాయించాలి? – ఒక తల్లి

జవాబు: కుదురుతుంది. కాకపోతే ఏది కలిపి చెప్పాలి, ఏది విడివిడిగా చెప్పాలి అన్నది మొదటి రోజుకు ముందే తేల్చుకోండి. లెక్కలు, చదవడం, రాయడం ఒకదాని మీద ఒకటి ఆధారపడి సాగుతాయి. భాగహారం రాని పిల్లకు భిన్నాలు చెబితే తల ఊపుతుంది గానీ ఏమీ ఎక్కదు. అందుకే వీటిని ఎవరి స్థాయిలో వాళ్లకు చెప్పాలి. సైన్సు, చరిత్ర, ఊరి సంగతులు, చేతిపనులకు ఈ ఇబ్బంది లేదు. అంశం అందరికీ ఒకటే పెట్టి, చేయించే పని మార్చితే చాలు. మదనపల్లె దగ్గరి ఋషి వ్యాలీ వాళ్లు పల్లె బడుల్లో ఇదే సమస్యకు పరిష్కారంగా పాఠాలను చిన్న చిన్న కార్డులుగా విడగొట్టారు. వేర్వేరు తరగతుల పిల్లలు ఒకే గదిలో కూర్చుని, ఎవరు ఆగిన కార్డు నుంచి వాళ్లు ముందుకు సాగుతారు. మీరూ లెక్కలకు అలాంటి కార్డులు రాసుకోవచ్చు.

లెక్కల్లో గుంపులను వయసును బట్టి చేయకండి. ఎత్తుబడి కూడిక, అప్పు తెచ్చే తీసివేత, గుణకారం, భాగహారం, భిన్నాలు, దశాంశాలు, శాతాలు ఇదే వరుసలో అంశానికి రెండేసి లెక్కలు ఇవ్వండి. ఏ అంశంలో రెండూ తప్పితే అక్కడి నుంచి ఆ పిల్లకు పాఠం మొదలు. పదేళ్ల పిల్లాడు ఎనిమిదేళ్ల వాళ్లతో కూర్చోవాల్సి రావచ్చు. వాళ్లను ‘చిన్న గుంపు’ అని పిలిస్తే చిన్నబుచ్చుకుంటాడు. తంగేడు, మోదుగ, జమ్మి అని పేర్లు పెట్టండి. రెండు నెలలకోసారి మళ్లీ చూసి గుంపులు మార్చండి.

రోజుకు మూడు గంటలు చాలు. మొదటి 20 నిమిషాలు ఒకరు గట్టిగా చదివితే అందరూ వింటారు. తర్వాత 45 నిమిషాలు లెక్కలు మూడు గుంపుల్లో. 20 నిమిషాలు తినడం, ఆట. 70 నిమిషాలు అందరూ కలిసి చేసే ప్రాజెక్టు. చివరి 25 నిమిషాలు ఎవరేం చేశారో చెప్పడం, నోటుబుక్కులో రాయడం. ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి. మీరు నాలుగు కుటుంబాలు గనుక రోజుకు ఇద్దరి చొప్పున ప్రతి ఇంటికీ వారానికి ఒక్క రోజే వంతు వస్తుంది. ఈ వంతు కాగితం మీద రాసుకోకపోతే రెండు నెలల్లో మొత్తం భారం ఒక్క తల్లి మీద పడుతుంది. బృందాలు చెదిరిపోవడానికి ఎక్కువగా కారణం ఇదే.

ప్రాజెక్టు ఎలా ఉండాలో మన దగ్గరి ఉదాహరణే చెబుతాను. ములుగు జిల్లా పాలంపేటలోని రామప్ప గుడి 1213 నాటిది, 2021లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. దాని గోపురంలో వాడిన ఇటుకలు నీళ్లలో తేలేంత తేలిక. గుడి చూసి వచ్చాక ఇంటి దగ్గర మామూలు ఇటుక ఒకటి, తూకం, స్కేలు, నీళ్ల బకెట్ పెట్టండి. ఆరు నుంచి ఎనిమిదేళ్ల వాళ్లు చెక్క, ఇటుక ముక్క, ప్లాస్టిక్ మూత, రాయి వేసి ఏది తేలిందో ఏది మునిగిందో పట్టిక గీస్తారు. నడిమి వాళ్లు ఇటుకను కొలిచి ఘనపరిమాణం కడతారు: 23, 11, 7 సెంటీమీటర్లయితే 1,771 ఘన సెంటీమీటర్లు. పెద్దమ్మాయి దాన్ని తూచి సాంద్రత కట్టాలి. మూడు కిలోలుంటే ఘన సెంటీమీటరుకు సుమారు 1.7 గ్రాములు. నీటిది 1 కాబట్టి మన ఇటుక మునుగుతుంది. మరి రామప్ప ఇటుక సాంద్రత ఎంతలోపు ఉండాలి, దాన్ని అంత తేలిక చేయడానికి మట్టిలో ఏం కలిపి ఉండొచ్చు అని తనే రాయాలి. ఒక ఇటుకతో మూడు వారాల పని దొరుకుతుంది.

ఇక్కడ జరిగే పొరపాటు పెద్దమ్మాయిని ఉచిత టీచరుగా వాడేయడం. చిన్నవాళ్లకు చెప్పడం తనకూ మంచిదే, కానీ రోజుకు 20 నిమిషాలు మించొద్దు. తనకంటూ కష్టమైన పని లేకపోతే ఆరు నెలల్లో విసుగొచ్చి రానంటుంది.

చట్టం సంగతి. 2009 విద్యాహక్కు చట్టంలో ఇంటి చదువుకు ప్రత్యేక నిబంధన లేదు. అయితే గుర్తింపు లేకుండా బడి నడిపితే 18వ సెక్షన్ కింద లక్ష రూపాయల దాకా జరిమానా ఉంది. కాబట్టి ఫీజులు తీసుకోకండి, బోర్డు పెట్టకండి, బయటి పిల్లలను చేర్చుకోకండి. ఖర్చు కుటుంబాల మధ్య పంచుకోండి. రేపు ఎవరైనా బడికి వెళ్లాలనుకుంటే వయసుకు తగిన తరగతిలో చేరే హక్కు 4వ సెక్షన్‌లో ఉంది.

మీ అమ్మాయికి రెండు దారులు: జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ, అంటే ఎన్‌ఐఓఎస్, లేదా తెలంగాణ ఓపెన్ స్కూల్. రెండింటిలోనూ పదో తరగతికి కనీస వయసు 14. తెలుగు మాధ్యమం, దగ్గర్లో స్టడీ సెంటర్ కావాలంటే రాష్ట్ర ఓపెన్ స్కూల్ తేలిక. ముందు ముందు వేరే రాష్ట్రానికి వెళ్లే ఆలోచన ఉంటే ఎన్‌ఐఓఎస్ తీసుకోండి. ఎన్‌ఐఓఎస్ పరీక్షలు ఏప్రిల్–మే, అక్టోబర్–నవంబర్‌లో జరుగుతాయి. ఒకసారి చేరితే ఐదేళ్ల గడువు. ఐదు సబ్జెక్టులు పాసవ్వాలి, వాటిని ఒకేసారి రాయనక్కర్లేదు. ఏడాది మధ్యలో ఇచ్చే అసైన్‌మెంట్లకు 20 శాతం మార్కులున్నాయి. అవి గడువులోగా ఇవ్వకపోతే చేతికొచ్చిన మార్కులు పోతాయి.

లెక్కలు లేకుండా కూడా ఎన్‌ఐఓఎస్ పది పాసవ్వొచ్చు. సులువని చిత్రలేఖనం, హోం సైన్స్ తీసుకుని, తర్వాత పాలిటెక్నిక్‌కో ఎంపీసీకో వెళ్లాలనుకుంటే దారి మూసుకుపోతుంది. ఇష్టం ఇంకా తేలకపోయినా లెక్కలు, సైన్సు తప్పక పెట్టించండి. సైన్సుకు ప్రాక్టికల్స్ ఉంటాయి, స్టడీ సెంటర్‌లో ఎప్పుడు చేయిస్తారో చేరిన రోజే అడగండి. పాసయ్యాక మైగ్రేషన్ సర్టిఫికెట్ తీసుకుంటే ఇంటర్‌కు మామూలు కాలేజీలో చేరొచ్చు.

ఇంకొకటి, చాలామంది ఆలస్యంగా తెలుసుకునేది. ప్రవేశాల్లో, ప్రభుత్వ ఉద్యోగాల్లో స్థానికతకు బడి బోనఫైడ్లు అడుగుతారు. బడిలో చదవని ఏళ్లకు తహసీల్దార్ ఇచ్చే నివాస ధ్రువపత్రం చూపాలి. తొమ్మిది మంది పిల్లల పేర్లకూ ఏడాదికో ఫైలు తెరిచి ఆధార్, రేషన్ కార్డు నకళ్లు, ఇంటి కరెంటు బిల్లులు, ఆ ఏడాది నోటుబుక్కులు అందులో పెట్టడం ఈ నెలలోనే మొదలుపెట్టండి.