మిరప మంట, ఉడకని కందిపప్పు, బుడమేరు బురద: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: ఆవకాయ కోసం ఎండుమిరపకాయలు తెచ్చి, తొడిమలు తీసి, ఇంట్లోనే దంచుకున్నాం. సాయంత్రం మొదలైన చేతుల మంట ఎన్నిసార్లు నీళ్లతో కడిగినా తెల్లవారేదాకా తగ్గలేదు. నోరు మండినప్పుడు కూడా నీళ్లు తాగితే లాభం కనిపించదు. ఎందుకు?
– ఒక గృహిణి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మిరపకాయలో మంట పుట్టించే పదార్థం పేరు క్యాప్సైసిన్. అది గింజల్లో ఉంటుందని చాలామంది అనుకుంటారు గాని, నిజానికి తయారయ్యేది గింజలను పట్టి ఉంచే తెల్లటి ఈనెలో. గింజలు దానికి అంటుకొని ఉంటాయి కాబట్టి వాటికీ ఆ ఘాటు అంటుతుంది. మిరపకాయ బజ్జీలు వేసేవారు కాయను నిలువునా చీల్చి, గింజలతో పాటు ఆ ఈనెను కూడా గీకి పారేస్తారు. కారం తగ్గేది ముఖ్యంగా ఆ ఈనె పోవడం వల్లనే.

ఈ క్యాప్సైసిన్ నీటిలో దాదాపుగా కరగదు. నూనెలో, నెయ్యిలో, ఆల్కహాల్‌లో మాత్రం చక్కగా కరుగుతుంది. మన చర్మపు పైపొరలోనూ కొవ్వు పదార్థాలు ఉన్నందువల్ల, కాయలు తొడిమలు తీసేటప్పుడు వేళ్లకు అంటిన క్యాప్సైసిన్ ఆ పొరలోకి ఇంకి అక్కడే నిలిచిపోతుంది. దాని మీద ఎన్ని చెంబుల నీళ్లు పోసినా అవి పైపైనే జారిపోతాయి. మిర్చి యార్డు చుట్టుపక్కల తొడిమలు తీసే పని చేసే ఆడవాళ్లు పని ముగిశాక చేతులకు నూనె రాసుకోవడం ఈ లెక్కన చూస్తే రసాయన శాస్త్రానికి సరిగ్గా సరిపోయే పనే. ముందు కొబ్బరినూనె గాని నువ్వులనూనె గాని వేళ్ల సందుల్లో, గోళ్ల చివర బాగా రుద్ది, పొడిగుడ్డతో తుడిచేసి, ఆ తరువాత సబ్బుతో కడుక్కోవాలి. వేడినీళ్లు వాడకూడదు. కాంటాక్టు లెన్సులు పెట్టుకునేవారు ఆ రోజుకు వాటిని ఎవరి చేతనైనా తీయించుకోవడం మంచిది.

వేడినీళ్లు వద్దనడానికి కారణం ఆసక్తికరమైనది. మన నరాల చివర్లలో టీఆర్‌పీవీ1 అనే ప్రొటీను ఉంది. సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడి తగిలినప్పుడు అది మెదడుకు ‘కాలుతోంది’ అని కబురు పంపుతుంది. క్యాప్సైసిన్ తగిలినా ఇదే ప్రొటీను తెరుచుకొని అదే కబురు పంపుతుంది. అంటే మిరపకాయ తిన్నప్పుడు నోరు కాలడం లేదు, కాలుతున్నదని మెదడు నమ్ముతోంది, అంతే. ఈ ప్రొటీనును 1997లో క్యాప్సైసిన్ సాయంతోనే గుర్తించిన అమెరికన్ శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్‌కు, స్పర్శను పసిగట్టే ప్రొటీన్లను కనుగొన్న ఆర్డెమ్ పటపూటియన్‌తో కలిపి 2021లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి వచ్చింది. క్యాప్సైసిన్ పట్టిన నరానికి మామూలు గోరువెచ్చదనం కూడా వేడిగానే తోస్తుంది కాబట్టి కారం తిన్న వెంటనే కాఫీ తాగితే మంట రెట్టింపవుతుంది, చల్లటి నీళ్లు తాగితే గుక్క నోట్లో ఉన్నంతసేపు హాయిగా ఉండి మింగగానే మళ్లీ మొదలవుతుంది. పక్షుల్లో ఈ ప్రొటీను క్యాప్సైసిన్‌కు స్పందించదు. రామచిలుక పండుమిరపకాయను జామపండులా తినగలగడం అందువల్లనే.

నోటి మంటకు పాలు, పెరుగు, చిక్కటి మజ్జిగ పనిచేస్తాయి. వాటిలోని కొవ్వు ఒక్కటే దానికి కారణం కాదు. కేసీన్ అనే పాల ప్రొటీను క్యాప్సైసిన్‌ను పట్టుకొని నాలుక మీది నుంచి తీసుకుపోతుంది కనుక వెన్న తీసిన పాలకు కూడా ఆ గుణం ఉంటుంది. నీళ్లలా పలచబడ్డ మజ్జిగలో కేసీన్ తక్కువ కాబట్టి ఫలితమూ తక్కువే. కొత్త ఆవకాయలో ముద్దపప్పు, నెయ్యి కలుపుకొని తినే మన అలవాటులో నెయ్యి చేసే పని కూడా కారాన్ని తనలో కరిగించుకొని నాలుకకు కొంత దూరం ఉంచడమే.

ప్రశ్న: గ్లాసు నీళ్లలో కారం చల్లి, రంగు దిగకపోతే అది కల్తీ లేని కారమని మా అపార్టుమెంటులో అందరూ చెబుతున్నారు. ఈ పరీక్షను నమ్మవచ్చునా?
– ఒక పాఠకుడు, పటమట, విజయవాడ

జవాబు: సగం మాత్రమే నమ్మవచ్చు, ఆ మిగిలిన సగమే ప్రమాదకరమైనది. నీటిలో కరిగే కృత్రిమ రంగు కలిపి ఉంటే, చల్లిన కారం నుంచి ఎర్రటి చారలు గీతలుగా కిందికి దిగడం కనిపిస్తుంది. అక్కడివరకు పరీక్ష సరైనదే. కానీ మిరపకాయ సొంత ఎరుపు, క్యాప్సాంథిన్ వంటి కెరోటినాయిడ్ల వల్ల వచ్చేది, నీటిలో కరగదు, నూనెలో కరుగుతుంది. మిరపకారంలో కలుపుతూ పట్టుబడిన అపఖ్యాతి ఉన్న సూడాన్ రంగులు కూడా అచ్చంగా ఇలాంటివే. మైనాలకు, నూనెలకు, బూటు పాలిష్‌కు రంగు వేయడానికి తయారుచేసిన ఆ పారిశ్రామిక రంగులు నీటి గ్లాసులో ఒక్క చార కూడా వదలవు. నూనెలో వేసి చూద్దామంటే అసలు కారమూ ఎర్రగానే దిగుతుంది, కల్తీ కారమూ ఎర్రగానే దిగుతుంది. కాబట్టి సూడాన్ రంగును వంటింట్లో పట్టుకునే ఉపాయం లేదు. ప్రయోగశాలలో లిక్విడ్ క్రొమటోగ్రఫీ పద్ధతిలో వేరుచేసి చూడవలసిందే.

ఈ రంగుల గొడవ మన మిర్చి వ్యాపారాన్ని నేరుగా తాకింది. 2003లో ఫ్రాన్సులో, భారతదేశం నుంచి వెళ్లిన మిరప ఉత్పత్తుల్లో సూడాన్ 1 బయటపడడంతో, పరీక్ష పత్రం లేనిదే మిరపకారాన్ని అనుమతించేది లేదని యూరోపియన్ యూనియన్ నిబంధన పెట్టింది. 2005 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో ఒక సాస్‌లో వాడిన కారంలో అదే రంగు దొరికి, ఆ సాస్ కలిసిన వందల రకాల తినుబండారాలను దుకాణాల నుంచి వెనక్కి తీసుకోవలసి వచ్చింది. జంతువులపై జరిపిన పరీక్షల్లో క్యాన్సర్ కలిగించినందువల్ల సూడాన్ రంగులను ఆహారంలో ఏ మోతాదులోనూ అనుమతించరు. ఎగుమతయ్యే సరుకును పరీక్షించడానికి స్పైసెస్ బోర్డు ప్రయోగశాల గుంటూరులోనే ఉంది గాని, మన వీధి చివర దుకాణంలో విడిగా అమ్మే కారానికి ఆ పరీక్ష జరిగిందని అనుకోవడానికి ఆధారం ఉండదు.

మన చేతిలో ఉన్న మార్గం కాయలు కొని మరలో ఆడించుకోవడమే. కొనేటప్పుడు నాలుగు కాయలు విరిచి లోపల చూడండి. బూడిదరంగు గాని నల్లటి పొడి గాని కనిపిస్తే ఆ సరుకు వద్దు. కల్లంలో ఆరబోసినప్పుడు వాన తగిలినా, తేమ 10, 11 శాతానికి దిగకముందే బస్తాలకెత్తినా ఆస్పర్‌జిల్లస్ అనే బూజు పట్టి అఫ్లటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. కాలేయానికి హాని చేసే ఈ విషం పోపులో వేయించినా, పులుసులో మరిగించినా పోదు. తాలు కాయలు చవకగా వస్తున్నాయని వాటితో కారం ఆడించడం నాకు సమ్మతం కాదు. రంగు పోయి తెల్లబడ్డ కాయలన్నీ విషపూరితం కాకపోయినా, బూజు పట్టినవి కలిసే అవకాశం వాటిలోనే ఎక్కువ.

ప్రశ్న: మేము కొత్తగా మారిన ఇంట్లో బోరు నీళ్లే దిక్కు. కుక్కరు ఎన్ని కూతలు పెట్టినా కందిపప్పు మెత్తబడడం లేదు, గిన్నెల అడుగున తెల్లటి పొర కడుతోంది. వంటసోడా వేయవచ్చునా?
– ఒక పాఠకురాలు, అమరావతి రోడ్డు, గుంటూరు

జవాబు: రెండింటికీ కారణం నీటి కాఠిన్యమే, అంటే అందులో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లవణాలు. పప్పుగింజలోని కణాలను ఒకదానికొకటి అతికించి ఉంచేది పెక్టిన్ అనే పదార్థం. ఉడుకుతున్నప్పుడు అది కరిగితేనే పప్పు మెదుగుతుంది. కాల్షియం వచ్చి పెక్టిన్ గొలుసులను ఒకదానితో ఒకటి ముడివేస్తే అది కరగకుండా బిగుసుకుంటుంది. పులుపు కూడా పెక్టిన్‌ను కరగనివ్వదు కనుకనే చింతపండు, మామిడికాయ ముక్కలు పప్పు మెత్తబడ్డాక వేయాలని పెద్దవాళ్లు అంటారు. ఏడాది దాటి నిలవ ఉన్న పప్పయితే మంచి నీళ్లలోనూ మొండికేస్తుంది కాబట్టి ముందు ఆ సంగతి చూసుకోండి.

వంటసోడా నీటి క్షార గుణాన్ని పెంచి పెక్టిన్‌ను త్వరగా విడగొడుతుంది, అందుకే పప్పు ఉడుకుతుంది. దానితో పాటు పప్పులోని బి1 విటమిన్‌లో కొంత నశిస్తుంది, ఉప్పు తగ్గించమని వైద్యులు చెప్పినవారికి అదనంగా సోడియం చేరుతుంది. ఎప్పుడైనా చిటికెడు వేస్తే ముప్పు లేదు గాని, రోజూ వేయడం కంటే నీటిని సరిచేసుకోవడం మేలు. నీళ్లను పది నిమిషాలు మరిగించి, చల్లారనిచ్చి, పైతేట వంచుకుంటే బైకార్బనేట్ల వల్ల వచ్చిన కాఠిన్యం చాలావరకు పోతుంది. మరిగేటప్పుడు కరిగి ఉన్న కాల్షియం బైకార్బనేట్ విడిపోయి, కాల్షియం కార్బనేట్‌గా అడుక్కి దిగుతుంది. మీ గిన్నెలకు కడుతున్న తెల్లటి పొర అదే. దాని మీద నిమ్మరసం పిండితే బుడబుడమని కార్బన్ డయాక్సైడ్ పొంగి పొర ఊడివస్తుంది. సల్ఫేట్లు, క్లోరైడ్ల రూపంలో ఉన్న కాఠిన్యం మాత్రం మరిగించినా పోదు.

తాగునీటికి భారతీయ ప్రమాణాల సంస్థ పెట్టిన హద్దు, లీటరుకు 200 మిల్లీగ్రాముల కాఠిన్యం. వేరే నీటి ఆధారం లేనప్పుడు 600 వరకు. ఆ మేరకు కాఠిన్యం విషమేమీ కాదు. పల్నాడు వైపు మెట్ట గ్రామాల్లో బోరు నీటికి అసలు చేయించవలసిన పరీక్ష ఫ్లోరైడ్‌ది. దాని హద్దు లీటరుకు 1 మిల్లీగ్రాము, తప్పనిసరైతే 1.5. మరిగిస్తే నీరు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుందే గాని తగ్గదు.

ప్రశ్న: తెల్లచొక్కా మీద పడిన పసుపు మరక సబ్బు పెట్టగానే ఎర్రగా మారింది. అది పసుపు కాదా?
– ఒక విద్యార్థి, దుగ్గిరాల, గుంటూరు జిల్లా

జవాబు: పసుపే. అందులోని కుర్కుమిన్ పులుపు తగిలితే పసుపుపచ్చగా ఉంటుంది, క్షారం తగిలితే ఎర్రబడుతుంది. బట్టల సబ్బు క్షారం. పసుపులో సున్నం కలిపి పారాణి చేసేది ఈ గుణం మీదనే. సబ్బు పూర్తిగా వదిలేలా జాడించి ఎండలో ఆరేయండి, ఎండకు కుర్కుమిన్ విరిగి మరక తేలిపోతుంది.

ప్రశ్న: నున్న మార్కెట్ నుంచి వచ్చిన బంగినపల్లి పండ్లు బయట పసుపుపచ్చగా మెరుస్తున్నాయి, లోపల పుల్లగా ఉన్నాయి. కార్బైడ్ వేసినట్లేనా?
– ఒక పాఠకుడు, భవానీపురం, విజయవాడ

జవాబు: అనుమానించవచ్చు గాని కంటితో చూసి తేల్చలేము. కాయ ముదరకముందే కోసి ఏ పద్ధతిలో మాగవేసినా అలాగే ఉంటుంది. తొక్కలోని పచ్చదనం పోయి పసుపు తేలడం తొందరగా జరుగుతుంది, లోపలి పిండిపదార్థం చక్కెరగా మారడానికి మాత్రం కాయకు తగిన ముదురు ఉండాలి. కాల్షియం కార్బైడ్‌కు గాలిలోని తేమ తగిలితే ఎసిటిలీన్ వాయువు పుట్టి, పండును సహజంగా మాగించే ఎథిలీన్‌లాగే పనిచేస్తుంది. పరిశ్రమల్లో వాడే కార్బైడ్‌లో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ మలినాలు ఉంటాయి కాబట్టి 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలు దానితో మాగించిన పండ్ల అమ్మకాన్ని నిషేధించాయి. ఎథిలీన్ వాయువును మాత్రం పది లక్షల భాగాలకు 100 భాగాలు మించకుండా గదుల్లో వాడుకోవడానికి అనుమతి ఉంది, దానితో మాగిన పండుకు భయపడనవసరం లేదు. ముదురు కాయలు దొరికితే ఇంట్లో వరిగడ్డిలో మాగవేసుకోండి. కాయలు విడిచే ఎథిలీన్ గడ్డిలో బయటికి పోకుండా నిలిచి తక్కినవాటిని మాగిస్తుంది.

ప్రశ్న: 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మా సంపులోకి బురదనీరు వచ్చింది. పటిక వేస్తే నీళ్లు తేటపడ్డాయి, వాడుకున్నాం. అది సరిపోయిందా? మళ్లీ అలాంటి పరిస్థితి వస్తే ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, సింగ్‌నగర్, విజయవాడ

జవాబు: తేటపడడానికి సరిపోయింది, తాగడానికి సరిపోలేదు. బురద రేణువులు ఋణావేశంతో ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉండటం వల్ల గంటల తరబడి నీటిలో తేలుతూనే ఉంటాయి. పటికలోని అల్యూమినియం ఆ ఆవేశాన్ని అణచి, జిగురు వంటి అల్యూమినియం హైడ్రాక్సైడ్‌గా మారి, రేణువులను చుట్టుకొని అడుక్కి దింపుతుంది. పూర్వం కుండలో చిల్లగింజ అరగదీసి చేసిన పని కూడా ఇటువంటిదే. బురదతో పాటు సూక్ష్మజీవుల్లో కొంత భాగం దిగిపోయినా, మురుగు కలిసిన నీటిలో రోగాలు తెప్పించడానికి మిగిలినవి చాలు.

వరద తగ్గాక సంపును పూర్తిగా తోడించి, అడుగు, గోడలు రుద్ది కడిగించి, తేట నీళ్లు నింపిన తరువాతనే బ్లీచింగ్ పౌడరు వేయాలి. బురద ఉండగా వేస్తే క్లోరిన్ అంతా ఆ బురదలోని సేంద్రియ పదార్థానికే ఖర్చయిపోతుంది. మంచి పౌడరు, అంటే సుమారు 33 శాతం క్లోరిన్ ఉన్నది, వెయ్యి లీటర్లకు దాదాపు 2.5 గ్రాములు కావాలి. దానిని ముందు చిన్న బకెట్లో కలిపి, సున్నం పేరుకున్నాక పైతేట మాత్రం సంపులో పోసి, గంటసేపు వదిలేయాలి. మూత తీసి నెలల తరబడి ఉంచిన పౌడరులో క్లోరిన్ దాదాపుగా ఎగిరిపోయి ఉంటుంది, వాసన లేని పౌడరు వేసి ప్రయోజనం లేదు. తాగే నీళ్లను అప్పటికీ కాచుకోవడమే క్షేమం.

మరొక జాగ్రత్త మీరు అడగకపోయినా చెప్పాలి. ఇల్లు కడిగేటప్పుడు బాత్‌రూమ్ యాసిడ్ పోసిన చోట బ్లీచింగ్ పౌడరు చల్లకూడదు. రెండూ కలిసిన క్షణంలో క్లోరిన్ వాయువు వెలువడుతుంది. అది గాలికంటే బరువైనది కాబట్టి సంపు వంటి గోతిలో అడుగునే నిలిచిపోతుంది, లోపల దిగి రుద్దుతున్న మనిషికి ఊపిరి అందదు. సంపు గోడలకు యాసిడ్ అసలు వాడవద్దు. ఎప్పుడైనా ఘాటైన వాసన వచ్చి కళ్లు మండితే పని అక్కడికక్కడ ఆపి బయటి గాలిలోకి రావాలి, దగ్గు ఆగకపోతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.