లోడై మెర్లో మన నేలలో పండుతుందా?

ప్రశ్న: మాది మేడ్చల్ ప్రాంతం. నాలుగెకరాల్లో థాంప్సన్ ద్రాక్ష ఉంది. కాలిఫోర్నియాలో ఉంటున్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు లోడైలో తోటలు చూశాను. మెర్లో అనే నల్ల ద్రాక్ష రకంతో చేసిన అక్కడి వైన్ 15 డాలర్ల లోపే దొరుకుతోంది. సీసా మీద సుస్థిర సాగు ముద్ర కూడా ఉంది. అంత తక్కువ ధరకు చిన్న రైతులకు ఎలా గిట్టుతుంది? అమ్మాయి వచ్చేటప్పుడు కొమ్మలు తెప్పించి రెండెకరాల్లో నాటొచ్చా?

జవాబు: కొమ్మలు మాత్రం తెప్పించకండి. 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతి అనుమతి లేకుండా నాటే కొమ్మలు దేశంలోకి తేకూడదు. అనుమతితో తెచ్చినా కొంతకాలం విడిగా పెంచి పరీక్షించాలి. ఇది కాగితాల గొడవ కాదు. లోడై రైతులకు ఇప్పుడు పెద్ద తలనొప్పి ఆకులు ముడుచుకుపోయేలా చేసే లీఫ్‌రోల్ వైరస్. పిండినల్లి దాన్ని తీగ నుంచి తీగకు అంటిస్తుంది. ఆకు రాలిన కొమ్మను చూసి వైరస్ ఉందో లేదో ఎవరూ చెప్పలేరు. ఒక్కసారి తోటలోకి వస్తే తీగ పీకడమే మార్గం, మందు లేదు.

ఇక ధర సంగతి. లోడై శాక్రమెంటో, స్టాక్‌టన్ నగరాల మధ్య ఉంది. మొకెలమ్నె నది తెచ్చిపోసిన లోతైన ఇసుక గరప నేల, చదునైన భూమి. కత్తిరింపు, కోత చాలావరకు యంత్రాలతోనే. వేసవిలో వాన పడదు కాబట్టి మనల్ని ఏడిపించే బూజు తెగులు అక్కడ దాదాపు ఉండదు, ముఖ్యంగా బూడిద తెగులును చూసుకుంటే సరిపోతుంది. టన్ను పండుకు సుమారు 700 సీసాలు వస్తాయి. ఖరీదైన వైన్‌కు పేరుపడ్డ కాలిఫోర్నియాలోని నాపాతో పోలిస్తే లోడై పండు చాలా చవక, అందుకే సీసా ధర తక్కువ. చిన్న రైతు అన్నారు గానీ, అక్కడి చిన్న రైతు మన లెక్కలో పెద్ద ఆసామే. పైగా అందరికీ గిట్టుతోందనీ అనుకోవద్దు. ఈ మధ్య వైన్ గిరాకీ తగ్గి, కొందరు పండు కోయకుండానే వదిలేశారు, తోటలూ పీకేశారు.

మెర్లో త్వరగా పండే రకం, తొక్క పలుచన. లోడైలో పగలు ఎండ మండినా, సాయంత్రానికి పక్కనున్న నదుల డెల్టా మీదుగా చల్లగాలి వచ్చి రాత్రి బాగా చల్లబడుతుంది. అందుకే పులుపు నిలుస్తుంది. చలికాలంలో తీగ నిద్రపోతుంది, ఏడాదికి ఒకే కత్తిరింపు. మన తీగకు ఆ నిద్ర లేదు, అందుకే ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి కత్తిరిస్తాం. ఫిబ్రవరి, మార్చిలో ఎండ ముదురుతున్న వేళ పండు పక్వానికొస్తుంది. అప్పుడు చక్కెర పరుగెత్తుతుంది, పులుపు పడిపోతుంది, రంగూ వగరూ వెనకబడతాయి. దేశంలో మెర్లో కొద్దిగా నాసిక్ వైపు ఉంది, అక్కడ వైనరీలూ ఉన్నాయి. మీ పండు కొనేదెవరు? థాంప్సన్‌లా దీన్ని బండి మీద పెట్టి అమ్మలేరు. రెండెకరాలు వద్దనే నా సలహా. మనసు ఆగకపోతే, వైనరీతో రాతపూర్వక ఒప్పందం చేతికొచ్చాక, దేశంలోని నమ్మకమైన నర్సరీ నుంచి అంట్లు తెచ్చి నాలుగు వరసలు వేసి చూడండి.

లోడై నుంచి తెచ్చుకోదగ్గది ఆ ముద్ర వెనక ఉన్న లెక్క. ఆ ముద్ర ఇచ్చే పద్ధతి ‘లోడై రూల్స్’ 2005లో మొదలైంది. సేంద్రియం అని చాలామంది పొరబడతారు, కాదు. మందులు వాడొచ్చు, కానీ కూలీలకు, నీటికి, పక్షులకు, మేలు చేసే పురుగులకు ఎంత హానో చూసి ప్రతి మందుకూ మార్కులు వేస్తారు. ఏడాదిలో ఆ మార్కుల మొత్తం హద్దు దాటితే ఆ తోటకు ముద్ర రాదు. తనిఖీ చేసేది బయటివాళ్లు. ఎలుక జాతి గోఫర్లను పట్టడానికి గుడ్లగూబలకు చెక్క పెట్టెలు కట్టడం కూడా అక్కడ మామూలే.

మీరు ఈ సీజన్ నుంచే ఒక నోటుబుక్కు పెట్టండి: ఏ మందు, ఎంత మోతాదు, ఏ తేదీ, కోతకు ఎన్ని రోజుల ముందు. కత్తిరింపు తర్వాత వదులు బెరడు ఒలిచి కాల్చేయండి, పిండినల్లి దాక్కునేది దాని కిందే. చీమల దారులు మూయండి, పిండినల్లిని శత్రు కీటకాల నుంచి కాపాడేవి అవే. పిండినల్లిని తినే క్రిప్టోలీమస్ అక్షింతల పురుగులు వదిలితే, ఆ తర్వాత ఘాటు మందులు కొట్టకండి.