డెసల్టరీ అంటే ఏమిటి? ఆ మాట ఎక్కడి నుంచి వచ్చింది?

ఈ మాట నాకు ఎర్ర సిరాలో పరిచయమైంది. కడపలో డిగ్రీ చదివేటప్పుడు గండికోట మీద ఇంగ్లీషులో వ్యాసం రాయమన్నారు. కోటతోనే మొదలుపెట్టాను. తర్వాత పెన్నా లోయ వచ్చింది, అక్కడికి పోయే జమ్మలమడుగు బస్సు వచ్చింది, బస్సెక్కే ముందు తిన్న కారం దోసె వచ్చింది, ఆ కారం నూరే మా అవ్వ వచ్చింది. కోట మాత్రం మళ్లీ రాలేదు. లెక్చరర్ అడుగున ‘టూ డెసల్టరీ’ అని రాశారు. మెచ్చుకున్నారేమో అనుకుని ఇద్దరికి చూపించాను కూడా! తర్వాత ఆయనే పిలిచి, “ఏమబ్బీ, గండికోటకని బయల్దేరి దోసెల బండి కాడ దిగిపోతివే!” అన్నారు. అర్థం అదే.

డిక్షనరీ పద్ధతిలో చెప్పాలంటే, క్రమం, గురి లేకుండా ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి పోయే మాట, రాత, చదువు.

పుట్టుక లాటిన్‌లో. పాత రోము సర్కస్ మైదానాల్లో పరుగెత్తే గుర్రం మీంచి పక్క గుర్రం మీదికి దూకే రౌతులుండేవాళ్లు. వాళ్లను డెసల్టర్ అనేవాళ్లు. ‘సలీరె’ అంటే దూకడం. రిజల్ట్, ఇన్సల్ట్ కూడా ఆ ‘సలీరె’ పిల్లలే (నా వ్యాసానికి రెండూ ఒకేసారి దక్కాయి). 16వ శతాబ్దం చివర్లో ఈ మాట ఇంగ్లీషులోకి వచ్చింది. రోములో చప్పట్లు కొట్టించుకున్న విద్య, ఇంగ్లీషుకొచ్చేసరికి తిట్టయింది.

తెలుగులో దీన్ని శాఖాచంక్రమణం అనేస్తుంటారు. దగ్గరి మాటే గానీ నాకు పూర్తిగా సరిపోదనిపిస్తుంది. కొమ్మ మీంచి కొమ్మకు దూకినా చెట్టు ఒకటే. హరిదాసు పిట్టకథలోకి ఎంత దూరం పోయినా అసలు కథకు తిరిగొస్తాడని మనకు ధీమా. డెసల్టరీలో ఆ ధీమా ఉండదు. డొంకతిరుగుడు అసలే కాదు, అందులో ఏదో దాచే ఉద్దేశం ఉంటుంది. ఇక్కడ ఏ ఉద్దేశమూ లేకపోవడమే జబ్బు.

ఇంకో ఛాయ కూడా ఉంది: ఆసక్తి లేకపోవడం. బస్సు రాక, పక్కనున్నాయనతో కాసేపు వాన, కాసేపు శనక్కాయల రేటు, కాసేపు ఊరక కూర్చోవడం. దాన్నీ డెసల్టరీ సంభాషణ అంటారు.

పలికేటప్పుడు ‘డె’ మీద ఒత్తండి. నేను ఏళ్ల తరబడి ‘డిసల్టరీ’ అన్నాను. మా ఊళ్లో సరిదిద్దడానికి ఆ మాట ఇంకెవరూ వాడరు మరి.